త్రీవే ఫ్లోర్‌స్టాండర్ స్పీకర్ల జత అమ్మాలి: ట్వీటర్ మార్చిన సంగతి చెప్పాలా?

చిన్నహాలు:
అందరికీ నమస్కారం. ఇది అమ్మకం ప్రకటన కాదు, సలహా కోసం పెడుతున్నాను. అందుకే కంపెనీ పేరు, మోడల్ రాయడం లేదు. రాస్తే చర్చంతా ఆ బ్రాండ్ గొప్పా ఈ బ్రాండ్ గొప్పా అన్న గొడవలోకి వెళ్లిపోతుంది.

ఒక జత ఫ్లోర్‌స్టాండర్లు, అంటే నేల మీద నిలబెట్టే పెద్ద స్పీకర్లు. ఒక్కోదాంట్లో రెండు ఆరున్నర అంగుళాల వూఫర్లు (కింది స్వరాలకి), ఒక మిడ్ (మధ్య స్వరాలకి), ఒక అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్ (పై స్వరాలకి). 4 ఓమ్స్, 87 డీబీ. ఒక్కోటి 46 కిలోలు. కొత్తవే కొన్నాను, బిల్లు ఉంది, అట్టపెట్టెలు కూడా దాచాను. ఇప్పుడు మారే ఇంట్లో హాలు చిన్నది. ఇవి లోపల పెడితే మనుషులు బయట కూర్చోవాలి.

ఒక చిక్కుంది. కొన్నేళ్ల కిందట చుట్టాల పిల్లాడు ఎడమ స్పీకర్ ట్వీటర్ డోమ్‌ని (ముందు ఉబ్బుగా ఉండే పొరని) వేలితో లోపలికి నొక్కేశాడు. కంపెనీ ఒరిజినల్ పార్టే తెప్పించి మార్పించాను. నా చెవికి తేడా ఏమీ లేదు. ఇది కొనేవాళ్లకు చెప్పాలా? చెబితే ధర ఎంత పడిపోతుంది? అసలు ధర ఎలా పెట్టాలి? దూరం నుంచి ఎవరైనా అడిగితే పంపించొచ్చా?

పాతసరుకు:
ముందు ధర సంగతి. లిస్టింగుల్లో మనకు కనిపించేది అడిగే ధర. అది అమ్మేవాడి ఆశ. మీకు కావలసింది అమ్ముడైన ధర. హైఫై షార్క్ అనే వెతుకులాట సైటులో మోడల్ పేరు కొడితే రకరకాల చోట్ల పెట్టిన ప్రకటనలు, పాతవాటితో సహా, ఒకచోట కనిపిస్తాయి. అక్కడా జాగ్రత్తగా చూడాలి. ప్రకటన తీసేసినంత మాత్రాన అమ్ముడైనట్టు కాదు, విసుగొచ్చి తీసేసి ఉండొచ్చు. ఒకే జత అవే ఫొటోలతో మళ్లీ మళ్లీ కనిపిస్తూ ధర దిగుతూ వస్తుంటే, ఆఖరి అంకెకు కొంచెం కిందే బేరం కుదిరి ఉంటుంది.

తర్వాత చూడాల్సింది, మీ మోడల్‌కి కొత్త వెర్షన్ వచ్చిందా లేదా. బీ అండ్ డబ్ల్యూ కంపెనీ 800 సిరీస్ స్పీకర్లనే తీసుకోండి. 2015లో డీ3 వచ్చింది, 2021లో డీ4 వచ్చింది. డీ4 వచ్చినంత మాత్రాన డీ3 శబ్దం మారిపోదు కదా. కానీ అప్‌గ్రేడ్ చేసేవాళ్లంతా ఒకేసారి పాతవి బయటపెడతారు, మార్కెట్లో సరుకు పెరుగుతుంది. మీ కంపెనీ కొత్తది దించబోతోందని వినిపిస్తే ఇంకా ఆలస్యం చేయకండి.

కొన్నిటికి ఈ లెక్క పనిచేయదు. బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ, క్వాడ్ 1957లో తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ లాంటి పాత పేరున్న స్పీకర్లకి సేకరించేవాళ్లు వేరే ఉంటారు. వాటికి వయసే ధర. మీవి అలాంటివి కావు కాబట్టి సామాన్యుల లెక్కే.

బేస్‌బాబాయ్:
ట్వీటర్ సంగతి నోరెత్తొద్దు తమ్ముడూ. కంపెనీ పార్టే వేశావు, బాగానే మోగుతోంది. అడిగితే చెప్పు, అడక్కపోతే ఎందుకు? నువ్వే ముందుగా చెబితే అక్కడి నుంచే బేరం మొదలెడతాడు.

నిదానం:
బాబాయ్ గారూ, నేను కొనేవైపు ఉన్నదాన్ని, అందుకని చెబుతున్నాను. ఈ స్థాయి స్పీకర్లు కొనడానికి వచ్చేవాళ్లు గ్రిల్ (ముందుండే కప్పు) తీసి మొదట చూసేది ట్వీటర్ చుట్టూ ఉన్న స్క్రూలనే. తలల మీద గీత పడి ఉంటే విప్పారని అర్థం. ఒకదాని ఫేస్‌ప్లేట్ కొత్తగా, రెండోదాని మీద సన్నటి దుమ్ము పొర ఉంటే ఇంకేం చెప్పక్కర్లేదు.

అప్పుడు నేను అడిగితే మీరు "అవునండీ, మార్చాం" అన్నారనుకోండి. ఆ క్షణం నుంచి మీరు చెప్పిన మిగతా ప్రతి మాటా నాకు అనుమానమే. వూఫర్ కూడా విప్పారేమో, పార్టీల్లో వాడారేమో, తడిసిందేమో... ఇలా సాగుతుంది. అదే ప్రకటనలోనే "ఎడమ ట్వీటర్ మార్చాం, పార్టు బిల్లు ఇదిగో" అని ఉంటే నేను ఆ వాక్యం చదివి ముందుకు వెళ్లిపోతాను. ఫోన్ చేసే ముందే నా లెక్క నేను వేసుకుంటాను.

బేస్‌బాబాయ్:
> అప్పుడు నేను అడిగితే మీరు "అవునండీ, మార్చాం" అన్నారనుకోండి

మీలాంటి కొనుగోలుదారు ఒక్కరు వస్తే తొమ్మిదిమంది గ్రిల్ కూడా తీయరు తల్లీ. ధర అడిగి, సగానికి ఇస్తావా అని అడిగి, మాయమవుతారు.

నిదానం:
ఆ తొమ్మిదిమంది కొనరు కదండీ.

ఓమ్‌శాంతి:
చెప్పాలా వద్దా అన్నది తర్వాత. ముందు తేడా ఉందో లేదో తెలియాలి. "నా చెవికి తేడా లేదు" అన్నది కొనేవాడికి ఏ విధంగానూ పనికిరాదు, ఎందుకంటే చెవి మీది. పైగా రోజూ వినే స్పీకర్‌లో నెమ్మదిగా వచ్చే మార్పుని మన చెవి పట్టించుకోదు.

ఖరీదైన స్పీకర్లు తయారు చేసే కంపెనీల్లో కొన్ని, జతలో రెండూ ఒకే రకంగా పలికేలా డ్రైవర్లను (వూఫర్, మిడ్, ట్వీటర్లను) సరిపోల్చి మరీ వేస్తాయి. మీరు ఒక ట్వీటర్ విడిగా తెప్పించి వేశారు. బాగా కుదిరి ఉండొచ్చు, ఒకటి రెండు డీబీ తేడా రావొచ్చు. కొలిస్తే తేలిపోతుంది.

కావలసినవి: లాప్‌టాప్, రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ (ఉచితం), ఒక కొలత మైక్. యూమిక్-1 లాంటిదైతే దాని సీరియల్ నంబర్‌తో కాలిబ్రేషన్ ఫైల్ దొరుకుతుంది. మైక్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి, దీనికోసం కొనక్కర్లేదు.

చేసే పద్ధతి ముఖ్యం. ఒక స్పీకర్‌ని హాలు మధ్యకి, గోడలకు దూరంగా లాగండి. మైక్‌ని ట్వీటర్ ఎత్తులో సరిగ్గా 1 మీటరు దూరంలో నిలబెట్టండి. స్పీకర్ అడుగున నాలుగు మూలలా నేల మీద టేపు అతికించండి. ఒక స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా జారే శబ్దం) మోగించి కొలవండి. తర్వాత మైక్ కదపకుండా, వాల్యూమ్ ముట్టుకోకుండా, అదే టేపు గుర్తుల మీద రెండో స్పీకర్ పెట్టి, యాంప్‌లో అదే చానల్ నుంచి అదే వైరుతో మళ్లీ స్వీప్. రెండింటి మధ్యలో మైక్ జరిపితే కాటా కింద వేలు పెట్టి తూచినట్టే.

ట్వీటర్ నేల నుంచి సుమారు 1 మీటరు ఎత్తులో ఉంటే, నేల మీద తగిలి వచ్చే ప్రతిధ్వని నేరుగా వచ్చే శబ్దం కంటే 3.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా మైక్‌ని చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో విండోను (లెక్కలోకి తీసుకునే సమయాన్ని) 3.5 మిల్లీసెకన్లకు కుదిస్తే అది లెక్కలోంచి పోతుంది. అలా చేశాక సుమారు 300 హెర్ట్జ్ పైన సాఫ్ట్‌వేర్ గీసే గీత నమ్మొచ్చు. కింద మాత్రం నమ్మొద్దు.

కొత్తచెవి:
ఇంత చేయాలా అండీ? మల్టీమీటర్ పెట్టి చూస్తే సరిపోదా? యూట్యూబ్‌లో అలాగే చూపిస్తారు.

ఓమ్‌శాంతి:
స్పీకర్ లోపలి కాయిల్ (తీగచుట్ట) తెగిందా లేదా అన్నది మల్టీమీటర్ చెబుతుంది. అలసిపోయిందా అన్నది చెప్పదు. అదీ చూడండి, తప్పేం లేదు, యాంప్ వైర్లు పీకేసి చూడండి. 4 ఓమ్స్ అని రాసి ఉన్న స్పీకర్‌కి మీటర్ 3 నుంచి 3.5 దాకా చూపించడం మామూలే. 4 రాలేదని కంగారుపడొద్దు.

చిన్నహాలు:
ఓమ్‌శాంతి గారూ, టెన్షన్‌గా ఉంది. నా వాటికి వెనక రెండు జతల టర్మినల్స్ ఉన్నాయి. జంపర్లు (రెండు జతలనీ కలిపే ముక్కలు) తీసి కింది జత మీద పెడితే రెండింటికీ 3.3 వచ్చింది. పై జత మీద పెడితే మీటర్ ఏమీ చూపించడం లేదు. రెండు స్పీకర్లకూ అంతే. పాట పెడితే మాత్రం ట్వీటర్లు మోగుతున్నాయి!

ఓమ్‌శాంతి:
అన్నీ బాగానే ఉన్నాయి, కంగారుపడకండి. పై టర్మినల్స్ నుంచి మిడ్‌కీ ట్వీటర్‌కీ వెళ్లే దారిలో క్రాస్ఓవర్ (ఏ స్వరాలు ఏ డ్రైవర్‌కి వెళ్లాలో పంచే సర్క్యూట్) కెపాసిటర్ వరుసలో ఉంటుంది. మల్టీమీటర్ పంపేది డీసీ. కెపాసిటర్ దాన్ని ఆపేస్తుంది. అందుకే సర్క్యూట్ తెగినట్టు కనిపిస్తుంది. పాట ఏసీ కాబట్టి దాటుతుంది. మీటర్ చూసి ట్వీటర్ పోయిందనుకుని బేరం వదులుకున్నవాళ్లున్నారు. జంపర్లు బిగించి పెట్టేయండి.

టేప్‌డెక్:
ఓపిక ఉంటే ఆ మీటర్ చేతిలో ఉండగానే వూఫర్లు కూడా చూసుకోండి. రెండు చేతుల బొటనవేళ్లు కోన్ (వూఫర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు భాగం) మధ్యకి అటూ ఇటూ సమానంగా ఆనించి, చాలా మెల్లగా లోపలికి నెట్టి వదలాలి. చెవి దగ్గర పెట్టుకుని వినండి. గరగరమని రాసుకునే చప్పుడు ఉండకూడదు. ఒకవైపే నొక్కితే మంచి వూఫర్ కూడా రాసుకుంటుంది, అది లెక్కలోకి రాదు. ట్వీటర్ డోమ్‌ని మాత్రం ముట్టుకోవద్దు, మీ చుట్టాల పిల్లాడు ముట్టుకున్నది చాలు.

చిన్నహాలు:
వూఫర్లు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ఒక స్నేహితుడి దగ్గర మైక్ దొరికింది. ఈ వారాంతం కొలుస్తాను. 46 కిలోల స్పీకర్‌ని టేపు గుర్తుల మీదికి జరపడం మాటలు కాదు, స్పైక్స్ (అడుగున ఉండే మొనలు) తీసేసి కింద పాత దుప్పటి వేయాల్సి వస్తుంది.

పాతసరుకు:
ఈలోపు ఫొటోల సంగతి చెప్పేస్తాను. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. గ్రిల్ తీసి ఒకటి, పెట్టి ఒకటి. ట్వీటర్లు రెండూ దగ్గర నుంచి. కింది అంచులు, నాలుగు మూలలు, వెనక టర్మినల్స్, సీరియల్ లేబుల్. లేబుల్‌లో చివరి రెండు మూడు అంకెలు మూసేయండి, మిగతావి చాలు. ఒక కాగితం మీద మీ సభ్యనామం, తేదీ చేత్తో రాసి స్పీకర్ మీద పెట్టి ఒక ఫొటో తీయండి. లేకపోతే మీ ఫొటోలతోనే ఇంకెవడో అడ్వాన్స్ వసూలు చేస్తాడు. వాడిని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు తర్వాత మీ మీద పడతారు.

వెనీర్‌కి (పెట్టె మీది పల్చటి చెక్క పొరకి) కొత్తగా పాలిష్ పెట్టొద్దు. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నిగనిగలాడుతుంటే ఏదో దాస్తున్నారనే అనుకుంటారు. ఎండ తగిలి ఒకవైపు రంగు తేలిపోయి ఉంటే ఆ వైపు ఫొటో తప్పకుండా పెట్టండి.

బేస్‌బాబాయ్:
స్పీకర్లతో పాటు వైర్లు, యాంప్ కలిపి "పూర్తి సెట్" అని పెడితే త్వరగా పోతాయి కదా?

పాతసరుకు:
పోవు బాబాయ్. స్పీకర్ కావలసినవాడికి యాంప్ ఉంటుంది. మీ యాంప్‌కి వాడు రూపాయి కూడా విలువ కట్టడు. విడివిడిగానే అమ్మాలి. జంపర్లు, స్పైక్స్, గ్రిల్స్, పోర్ట్‌లో (పెట్టెకుండే గాలి రంధ్రంలో) కుక్కే ఫోమ్ ముక్కలు మాత్రం స్పీకర్లతోనే పోవాలి. ఆ ఫోమ్ ముక్కలు దొరక్క బేరం తగ్గినవి చూశాను.

చిన్నహాలు:
కొలిచాను. మామూలుగా పెట్టే చోటే ఉంచి, నేను కూర్చునే చోట మైక్ పెట్టి తీస్తే రెండు గీతలకూ పొంతన లేదు. ఎడమదానిలో 80 హెర్ట్జ్ దగ్గర 5 డీబీ ఎక్కువ. నా గుండె జారిపోయింది. తర్వాత ఓమ్‌శాంతి గారు చెప్పినట్టు రెండింటినీ వంతులవారీగా ఒకే చోట పెట్టి తీశాను. ఆ తేడా పూర్తిగా పోయింది. ఎడమది మూలకు దగ్గరగా ఉంటుంది, అదే కారణం అనుకుంటా.

కానీ ఇంకొకటి బయటపడింది. 2500 హెర్ట్జ్ నుంచి పైదాకా కుడి స్పీకర్ గీత ఎడమదాని కంటే దాదాపు 2 డీబీ కిందుంది. వరసగా తీసినా అంతే. కిందంతా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

గమనించండి, నేను ట్వీటర్ మార్చింది ఎడమదానికి. తక్కువ పలుకుతోంది కుడిది, అంటే మొదటి నుంచీ ఉన్నది!

ఓమ్‌శాంతి:
ఇదే నా అనుమానం కూడా. 2500 అన్నది మీ స్పీకర్ స్పెక్ షీట్‌లో మిడ్‌కీ ట్వీటర్‌కీ మధ్య క్రాస్ఓవర్ పాయింట్ అయి ఉండాలి, ఒకసారి చూడండి. అయితే తేడా అంతా ట్వీటర్ వంతులోనే ఉన్నట్టు.

కెపాసిటరో ట్వీటరో తేల్చడానికి ట్వీటర్లు రెండూ ఒకదాని చోట ఒకటి పెట్టి కొలవాలి. తేడా ట్వీటర్‌తో పాటు వెళ్తే ట్వీటర్‌దే లోపం. కుడి పెట్టెలోనే ఉండిపోతే క్రాస్ఓవర్‌ది. విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. ట్వీటర్ వెనక అయస్కాంతం చాలా బలంగా ఉంటుంది, ఇనుప స్క్రూడ్రైవర్‌ని చేతిలోంచి లాగేస్తుంది. ఆ లాగుడికి కొస డోమ్ మీద పడుతుంది. ముందుగా ఒక చిన్న అట్టముక్కని డోమ్ మీద కప్పినట్టు పట్టుకుని, రెండో చేత్తో స్క్రూలు తిప్పండి. వీలైతే ఇంకొకరిని పట్టుకోమనండి. వైర్లలో ఏది ప్లస్సో విప్పే ముందే ఫొటో తీసుకోండి.

చిన్నహాలు:
స్పెక్ షీట్‌లో 2400 అని ఉంది. ట్వీటర్లు మార్చి కొలిచాను. తేడా ట్వీటర్‌తో పాటు ఎడమ పెట్టెలోకి వచ్చేసింది. అంటే పాత ట్వీటర్‌దే. మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను. పగిలింది లేదు, కాయిల్ తెగలేదు. ఎందుకు తగ్గినట్టు?

ఓమ్‌శాంతి:
ఫెర్రోఫ్లూయిడ్ ఉన్న ట్వీటర్ అయితే అది గట్టిపడి ఉంటుంది. వాయిస్ కాయిల్ కదిలే సన్నటి సందులో, అయస్కాంతం పట్టి ఉంచే నల్లటి జిడ్డు ద్రవం అది. కాయిల్ వేడిని లోహంలోకి లాగేస్తుంది, ట్వీటర్ రెసొనెన్స్‌ని అదుపులో ఉంచుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొన్నిట్లో చిక్కబడి జిగురులా తయారవుతుంది. కాయిల్ స్వేచ్ఛగా కదలలేదు. శబ్దం తగ్గుతుంది, కానీ మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు కనిపెట్టలేరు. మీ ఎడమ ట్వీటర్ కొత్తది కాబట్టి తేడా బయటపడింది. రెండూ పాతవే అయి ఉంటే రెండూ సమానంగా తగ్గేవి, గీతలు కలిసిపోయేవి, ఎవరికీ తెలిసేది కాదు.

టేప్‌డెక్:
ఫెర్రోఫ్లూయిడ్ పుట్టింది స్పీకర్ల కోసం కాదు. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ అనే ఇంజనీరు, బరువు లేని చోట రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగొచ్చా అని చూస్తూ తయారు చేశాడు. చర్చకు సంబంధం లేదు, క్షమించాలి, ఊరుకోలేకపోయాను.

బేస్‌బాబాయ్:
ఇప్పుడేమంటారు? చెప్పాల్సిన మార్చిన ట్వీటర్ బంగారంలా ఉంది, చెప్పక్కర్లేదనుకున్న పాత ట్వీటర్ తేలిపోయింది. మైక్ పెట్టకపోయుంటే ఈపాటికి అమ్ముడైపోయేవి!

నిదానం:
అమ్ముడయ్యేవి. కొన్నవాడు ఇంటికెళ్లి మైక్ పెట్టేవాడు. తర్వాత ఇదే వేదికలో ఇంకో చర్చ మొదలయ్యేది, అందులో చిన్నహాలు గారి పేరు ఉండేది.

చిన్నహాలు:
నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. కుడి ట్వీటర్ కూడా కొత్తది తెప్పించి వేయడం. లేదా ఉన్నది ఉన్నట్టు చూపించి, ఆ పార్టు ఖరీదు ధరలో తగ్గించుకోమనడం. కంపెనీవాళ్లను అడిగాను, పార్టు ఇంకా ఉందట.

పాతసరుకు:
తెప్పించి వేయండి. నా అనుభవంలో కొనేవాడు లోపానికి తగ్గించేది పార్టు ఖరీదు కాదు. పార్టు, దాన్ని తెప్పించే తిప్పలు, వేయించే మనిషి, ఆ పైన "ఇంకేం ఉందో" అన్న భయం, ఇవన్నీ కలిపి తగ్గిస్తాడు. మీరు పార్టు ఒక్కటే కడతారు. ఇంకా పార్టు దొరుకుతున్న రోజులివి. పాత మోడళ్ల డ్రైవర్లు కంపెనీ ఆపేశాక ఆ జత విలువ ఒక్కసారిగా పడిపోతుంది.

ఓమ్‌శాంతి:
నేనూ అదే అంటాను. వేశాక మళ్లీ అదే టేపు గుర్తుల మీద కొలిచి, రెండు గీతలు కలిపిన బొమ్మ ప్రకటనలో పెట్టండి. బొమ్మ కింద మైక్ ఎంత దూరం, విండో ఎంత, గీత ఎంత మెత్తబరిచారు అన్నవి రాయండి. స్మూతింగ్ ఎక్కువ పెడితే ఏ రెండు స్పీకర్లయినా కవలల్లాగే కనిపిస్తాయి, తెలిసినవాళ్లు ముందు అదే చూస్తారు. 24వ వంతు ఆక్టేవ్ స్మూతింగ్ చాలు.

ఆ 87 డీబీ (స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందన్న అంకె) గురించి కూడా ఒక మాట. అది 2.83 వోల్టులకు ఇచ్చిన అంకె అయితే, 4 ఓమ్స్ స్పీకర్ ఆ వోల్టేజీకి 2 వాట్లు తీసుకుంటుంది. 1 వాటు లెక్కన చూస్తే 84 డీబీ. అంటే ఇవి చిన్న యాంప్‌తో నడిచేవి కావు. ఫోన్ చేసేవాళ్లని ముందుగానే ఏ యాంప్ ఉందో అడగండి. పది వాట్ల ట్యూబ్ యాంప్ అంటే మర్యాదగా వద్దనండి. ఇంటికెళ్లి వాల్యూమ్ చివరిదాకా తిప్పి, యాంప్ క్లిప్ అయి, మీరు కొత్తగా వేసిన ట్వీటర్లే కాల్చుకుంటారు. తర్వాత ఫోన్ మీకే వస్తుంది.

కొత్తచెవి:
పెద్ద యాంప్ కాకుండా చిన్న యాంప్ ట్వీటర్‌ని కాలుస్తుందా?!

ఓమ్‌శాంతి:
శక్తికి మించి తిప్పితే కాలుస్తుంది. తరంగం పైనా కిందా కోసుకుపోతుంది, అందులోంచి అసలు పాటలో లేని హై ఫ్రీక్వెన్సీలు పుడతాయి, సగటు పవర్ కూడా పెరుగుతుంది. అదంతా వెళ్లేది సన్నటి తీగ చుట్టిన ట్వీటర్ కాయిల్‌కి.

చిన్నహాలు:
కొత్త ట్వీటర్ వచ్చింది, వేశాను, కొలిచాను. 300 హెర్ట్జ్ నుంచి 16 కిలోహెర్ట్జ్ దాకా తేడా అర డీబీకి మించలేదు. ప్రకటన అమ్మకాల విభాగంలో పెట్టేశాను. రెండు ట్వీటర్లూ మార్చిన సంగతి, ఎందుకు మార్చానన్నది, రెండు బిల్లుల ఫొటోలు, గీత బొమ్మ అన్నీ పెట్టాను. మెసేజులు మొదలయ్యాయి. ఒకాయన చూడకుండానే పూర్తి డబ్బు పంపేస్తానంటున్నాడు, ఆయన తరఫున వేరే మనిషి వచ్చి తీసుకెళ్తాడట.

పాతసరుకు:
ఆయన్ని అక్కడే వదిలేయండి. రెండు స్పీకర్ల ధర విని, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పూర్తి డబ్బు ఇస్తాననేవాడికి స్పీకర్ అక్కర్లేదు. తర్వాతి మెట్టు ఎలా ఉంటుందంటే, పొరపాటున ఎక్కువ పంపానని స్క్రీన్‌షాట్ పెట్టి, ఆ ఎక్కువది వెనక్కి పంపమంటాడు. లేదా డబ్బు రావాలంటే ఈ కోడ్ స్కాన్ చేయమంటాడు. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. మీ ఖాతా మీరే తెరిచి చూసుకుని, పడిందని తేలాకే స్పీకర్ గడప దాటాలి.

చిన్నహాలు:
దూరం నుంచి ఒకరు నిజమైన ప్రశ్నలే అడుగుతున్నారు. ట్రాన్స్‌పోర్టులో పంపమంటున్నారు.

టేప్‌డెక్:
నా సలహా వద్దనే. స్పీకర్‌కి గీత పడటం చిన్న విషయం. పెట్టె ఒక్కసారి గట్టిగా కింద పడితే వూఫర్ వెనక బరువైన అయస్కాంతం జిగురు వదిలి కాస్త పక్కకి జరుగుతుంది. బయటికి ఏమీ కనిపించదు, కోన్ కదలదు. అప్పుడు తప్పు ఎవరిదన్నది ఎప్పటికీ తేలదు. పంపక తప్పకపోతే ఒరిజినల్ పెట్టెల్లోనే, స్పైక్స్ తీసేసి, చెక్క ప్యాలెట్ మీద నిలబెట్టి కట్టించి, పూర్తి విలువకి ఇన్సూరెన్స్ చేసి పంపాలి. పెట్టె మూసే ప్రతి దశా వీడియో తీయాలి. ఆ ఖర్చు చూసి చాలామంది తామే వచ్చి తీసుకెళ్తామంటారు.

నిదానం:
వచ్చేవాళ్లకి వినిపించేటప్పుడు చిన్న సలహా. మీ పాటలు పెట్టొద్దు, వాళ్లవి పెట్టనివ్వండి. పక్కనే కూర్చుని "ఇప్పుడు వచ్చే తబలా వినండి" అని చెప్పొద్దు. యాంప్ ముందే ఆన్ చేసి ఉంచి, కాసేపు గది వదిలి వెళ్లిపోండి. నేను మాత్రం వెంటనే మోనోలో పింక్ నాయిస్ (హోరులాంటి పరీక్ష శబ్దం) పెడతాను. రెండు స్పీకర్ల మధ్య ఒక్క బిందువులోంచి వస్తున్నట్టు వినిపించాలి. పక్కకి లాగినా, చెదిరినట్టు ఉన్నా ఏదో ఉందన్నమాట. తర్వాత తక్కువ వాల్యూమ్‌లో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా స్వీప్. ఎక్కడైనా బిర్రుమంటే అక్కడ ఆపి చూస్తాను. ఒక్కోసారి అది స్పీకర్ కాదు, అల్మారా అద్దం. ముందే మీరు వేసి చూసుకోండి.

వాళ్లు వైర్లు మార్చాలంటే యాంప్ ఆపాకే ముట్టుకోనివ్వండి. వైరు కొసలు తగిలితే యాంప్ మీది.

కొత్తచెవి:
వారంటీ కొన్నవాళ్లకి బదిలీ అవుతుందా?

పాతసరుకు:
చాలా కంపెనీలు మొదటి కొనుగోలుదారుకే ఇస్తాయి. కాగితం చదివి, బదిలీ కాకపోతే కాదనే రాయాలి. "వారంటీ ఉంది" అని రాసి ఊరుకుంటే గొడవ అక్కడే పుడుతుంది.

చిన్నహాలు:
అమ్ముడయ్యాయి. వచ్చినాయన సొంత యాంప్ మోసుకుని వచ్చాడు. పాటల కంటే ముందు గీత బొమ్మ గురించి అడిగాడు, విండో ఎంత పెట్టారని! తర్వాత గ్రిల్స్ తీసి టార్చ్ వేసి స్క్రూలు చూశాడు (నిదానం గారూ, మీరే గుర్తొచ్చారు). కింది మూలలో నేను ఫొటో పెట్టిన గీత ఒకటి వేలితో తడిమి, "ఇది తెలుసు" అన్నాడు. అడిగిన ధరకి కొంచెం తగ్గించాను, అది ట్వీటర్ల వల్ల కాదు, మనుషుల్ని పిలిపించుకుని తీసుకెళ్లే ఖర్చని. ఖాతాలో పడ్డాకే దింపించాను.

తీసేసిన పాత ట్వీటర్ కూడా అడిగి పట్టుకెళ్లాడు. శుభ్రం చేసి ద్రవం మార్చి చూస్తాడట.

బేస్‌బాబాయ్:
సరే, ఒప్పుకున్నా. కానీ నా లెక్క నాదే, కొత్త ట్వీటర్ డబ్బులు నీ జేబులోంచే పోయాయి తమ్ముడూ.

చిన్నహాలు:
పోయాయి బాబాయ్. మొదట నేను మనసులో అనుకున్న ధరలోంచి అవి తీసేసినా, చేతికి వచ్చింది దానికంటే ఎక్కువే.

కొత్తచెవి:
ఇదంతా చదివి మా ఇంట్లో పాత జత గ్రిల్ తీసి చూశాను. వూఫర్ చుట్టూ అంచు ఫోమ్‌లా ఉంది, ముట్టుకుంటే వేలికి పొడి అంటుకుంది. ఇవి అమ్మొచ్చా?

టేప్‌డెక్:
ఇంక ముట్టుకోవద్దు, మోగించొద్దు కూడా. ఫోమ్ అంచు వయసుకి అలాగే పొడైపోతుంది, రబ్బరు అంచు చాలాకాలం నిలుస్తుంది. కోన్, కాయిల్ బాగుంటే అంచు మాత్రమే మార్చొచ్చు. అంచు ఊడిన వూఫర్‌ని మోగిస్తే కోన్ పక్కకి ఒరిగి కాయిల్ రాసుకుంటుంది, అప్పుడు ఆ వూఫరే పోతుంది. మోడల్ పేరు, వూఫర్ కొలత రాసి వేరే చర్చ తెరువు, ఫొటో కూడా పెట్టు.